ముడిచి ఇచ్చిన పూదండ

పూజకు పూలు కోయు ఇల్లాండ్రు తమ పెద్దల యొద్ద నేర్చుకొనిన నియమములు కొన్ని కలవు. వాసన చూచిన పువ్వు దేవునికి పనికిరాదు. నేల రాలినది పనికిరాదు. ఒకరు తలలో ముడిచినది అసలే పనికిరాదు. తెల్లవారుజామున స్నానమాడి, పూలసజ్జ చేతబట్టి, మొగ్గ నలగకుండ, కొమ్మ విరుగకుండ కోసిన పువ్వునే దేవుని పాదములకడ నుంచవలెను. పుష్పము నిర్మలచిత్తమునకు ప్రతీక యను భావనయే ఈ కట్టుబాట్లకు మూలమని తోచును. కృష్ణాతీరమున అమరావతీ స్తూపపు రాతికంచెపై శిల్పులు చెక్కిన పద్మములును, హృదయమును అష్టదళపద్మముగా భావించు ఉపాసకుల ధ్యానమును ఆ నిర్మలత్వమునే చాటుచున్నవి.

ఐనను, పువ్వుల కథలను తఱచి చూచినకొలది ఈ నియమములకంటె లోతైనదేదో కానవచ్చును. పరిమళమున సాటిలేని మొగలిపువ్వు, జ్యోతిర్లింగపు తుద గాంచితినని బ్రహ్మ పలికిన అసత్యమునకు సాక్ష్యము చెప్పి, శివపూజకు దూరమయ్యెను. పారిజాతమో, రేయి పూచి, ఉదయమునకు తనంతట తానే రాలును. దానిని నేలనుండి యేరి తెచ్చినను పూజకు అర్హమే. ఎవరి చేయియు తాకకముందే తన్ను తాను అర్పించుకొనిన పువ్వునకు నేల రాలిన దోషమెట్లంటునని నా తలపు.

ఈ తలపునకు పరాకాష్ఠ గోదాదేవి కథ. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తునికి తులసివనమున లభించిన ఆ బిడ్డ, తండ్రి స్వామికై కట్టిన దండను మున్ముందుగా తాను ధరించి, బావినీట తన నీడను చూచుకొని, ఆ స్వామికి తాను తగుదునో కాదో యని పరికించి, మరల తీసి బుట్టలో నుంచెడిది. ఒకనాడది కంటబడి తండ్రి తల్లడిల్లెను. దండ నర్పింపలేక ఆనాడు మిన్నకుండెను. స్వామి కలలో సాక్షాత్కరించి, ఆ బాలిక ముడిచి విడిచిన దండయే తనకు ప్రియమని పలికెనట. శాస్త్రము నిర్మాల్యమని త్రోసివేయు పూలను దైవము చేయిచాచి కోరిన ఈ ఘట్టమును తలచునపుడెల్ల నా మనస్సు ఆర్ద్రమగును.

కళింగదండయాత్రా కాలమున శ్రీకృష్ణదేవరాయలకు శ్రీకాకుళాంధ్రమహావిష్ణువు స్వప్నమున దర్శనమొసగి తెలుగున చెప్పుమని కోరినది ఈ గాథనే. ‘ఆముక్తమాల్యద’ యనగా ధరించి విడిచిన మాలను ఒసగినది. అన్ని విజయములు గడించిన సార్వభౌముడు తన కావ్యమునకు ఒక కన్నెపిల్ల పూదండను బట్టి పేరుంచుట తెలుగువారి భాగ్యము.

తిరుమలను శ్రీవైష్ణవులు పుష్పమండపమందురు. రామానుజుల యాజ్ఞను తలదాల్చి అనంతాళ్వారు ఆ కొండపై చెరువు త్రవ్వి పూదోట పెంచెను. ఆయన గునపము నేటికిని ఆలయ మహాద్వారమున వ్రేలాడుచున్నది. ఆ కొండపై పూచిన ప్రతి పువ్వును స్వామిదే యను విశ్వాసమున భక్తులచట తలలో పూలు ముడువరు; స్వామి ధరించిన పూలను సైతము ఎవరికిని ఒసగక పూలబావిలో విడుచుట పూర్వాచారము. పూల విషయమున అంతటి నిష్ఠగల ఆ కొండకే, ఏటేట బ్రహ్మోత్సవములందు గరుడసేవ నాటికి, శ్రీవిల్లిపుత్తూరున గోదాదేవి మెడనుండి తీసిన పూదండ తరలివచ్చును. ఆనాడు స్వామి మెడలో నుండునది ఆ దండయే.