సిక్లిడ్లు పెంచుతానంటున్న మేనల్లుడికి

అల్లుడూ, గూడెంలో మీ ఇంటికి ఆఫ్రికా సిక్లిడ్లు తెచ్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి సరదానే. డబ్బు కట్టే ముందు ఈ మావయ్య చెప్పే నాలుగు మాటలు విను.

ముందు నీళ్ల సంగతి చూసుకో. పసుపుపచ్చగా మెరిసే ఎలక్ట్రిక్ ఎల్లో, నీలం చారల డెమసోనీ, రంగురంగుల పీకాక్‌లు అన్నీ మలావి సరస్సువే. అక్కడి నీళ్ల పీహెచ్ 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. బోరు నీళ్లలో హార్డ్‌నెస్ ఎక్కువ కాబట్టి వీటికి పడతాయని ఎవరో అన్నారని నేరుగా పట్టేయకు. మీ కొల్లేటి సరస్సు పక్క బోర్లలో ఉప్పు తగులుతుంది. ఉప్పదనం వేరు, హార్డ్‌నెస్ వేరు. మీ నాన్న చెరువు నీళ్లు చూపించే ల్యాబులోనే ఒక సీసా ఇచ్చి చూపించు. ఫిల్టర్‌లో బాక్టీరియా కుదురుకోవడానికి నెల పైనే పడుతుంది. అమ్మోనియా సున్నాకి వచ్చాకే చేపల్ని తెచ్చుకో.

తొట్టి నాలుగడుగులకు తగ్గొద్దు. మగవి హద్దుల కోసం తరుముకుంటాయి, దాక్కోవడానికి రాళ్ల సందులు ఉండాలి. డెమసోనీ రాళ్ల మీది నాచు గీరుకు తినే జాతి. ఇంట్లో రొయ్యల మేత ఉంది కదా అని వేశావంటే కడుపుబ్బి చచ్చిపోయే ప్రమాదం ఉంది.

కొన్నాళ్లకి ఒక పసుపుపచ్చ చేప మేత ముట్టకుండా రాయి చాటున నిలబడుతుంది. దవడ కింద ఉబ్బి, నోరు అస్తమానం నములుతున్నట్టు కదులుతుంటుంది. జబ్బనుకుని మందులు పోయకు. అది తల్లి. గుడ్లు నోట్లో పెట్టుకుని సుమారు మూడు వారాలు అలాగే సాకుతుంది.

అసలు కష్టం అక్కడే మొదలవుతుంది నాయనా. పిల్లలు పెరిగి తొట్టి చాలదు. చంపడానికి చేతులు రాక కాలవలో వదిలేద్దామనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకు. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా కూడా ఆఫ్రికా సిక్లిడే, అదీ నోట్లోనే గుడ్లు పొదుగుతుంది. అందుకే అది చేరిన చెరువు దాని సొంతమైపోతుంది. అక్వేరియం గాజు శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న సక్కర్ చేప ఇవాళ కొల్లేటి జాలర్ల వలలు చింపుతోంది. వాళ్లనడుగు, దాన్ని దెయ్యం చేప అంటారు.

ఆఫ్రికాలోనే విక్టోరియా సరస్సు కథ చూడు. 1950లలో అందులో నైలు పెర్చ్‌ను వదిలారు. 1980లు గడిచేసరికి అక్కడి సిక్లిడ్లు వందల రకాలు కనుమరుగైపోయాయి. బయటి చేప వస్తే ఏమవుతుందో నువ్వు ముచ్చటపడే ఈ జాతే అనుభవించింది. మీ కాలవ నీళ్లు చేరే కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు ఉన్న సరస్సు. అక్కడి కొర్రమీను, ఇంగిలాయి, మార్పు మన తాతల నాటి నుంచి ఈ ఊళ్లకు కూడు పెట్టాయి. ఇప్పటికే ఆక్రమణలతోనూ మురుగుతోనూ చిక్కిపోయిన ఆ నీళ్లకి మన చేత్తో ఇంకో బెడద తగిలించకూడదు.

పిల్లలు ఎక్కువైతే కొన్న షాపుకే తిరిగివ్వు, తోటి పెంపకందార్లకి పంచు. అవేవీ కుదరవనుకుంటే మొదటి నుంచీ మగవాటినే పెంచుకో, పీకాక్‌లలో రంగంతా వాటిదే. తొట్టి నీళ్లు కాలవలో కాకుండా పెరట్లో కొబ్బరిచెట్టుకి పొయ్యి.

ఈ మాట నిలబెట్టుకుంటానంటే చెప్పు, వచ్చే ఆదివారం నేనే వచ్చి రాళ్లు పేర్చిపెడతాను.