గోడలు ఎట్లు నిలుచును?

చదువవలసిన భాగము: ఎఫెసీయులకు 2:11–22

తమిళ దేశపు తూర్పు తీరమున తరంగంబాడి అను చిన్న ఊరు ఉన్నది. అలలు పాడు చోటని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. 1620వ సంవత్సరమున తంజావూరి నేలిన, తెలుగు కవియునైన రఘునాథ నాయకునితో ఒడంబడిక చేసికొని, డెన్మార్కు వర్తకులు అక్కడ సముద్రపుటొడ్డున కోట కట్టిరి. తరువాత ఊరి చుట్టును గోడ పెట్టిరి. వారు వచ్చినది మిరియముల వర్తకమునకు. గోడ కట్టినది ఆ వర్తకమును కాపాడుకొనుటకు.

కొంతకాలము క్రిందట నేను ఆ ఊరు చూచి వచ్చితిని. 1792లో కట్టిన ఊరి ద్వారము ఇప్పటికిని తెల్లగా నిలిచియున్నది. దానిలోనుండి తిన్నగా నడిచిపోయినచో కొద్ది నిమిషములలోనే కోటయు, దాని వెనుక సముద్రమును కనబడును. అయితే సముద్రము వైపునున్న పాత గోడ చాలవరకు లేదు. అలలు దానిని తినివేసినవి. ఇంత కష్టపడి కట్టిన ఊరిని 1845లో డెన్మార్కువారు ఇంగ్లీషువారికి అమ్మివేసిరి. ఆ గోడకు వెల యుండెను గనుక అది అమ్ముడుపోయెను.

వెల కట్టలేని పని యొకటి ఆ గోడల లోపల జరిగినది. 1706 జూలైలో జీగెన్‌బాల్గు, ప్లూచౌ అను ఇద్దరు యౌవనస్థులు సువార్త నిమిత్తము ఆ రేవున దిగిరి. మరుసటి సంవత్సరము వారి చేత మొదట బాప్తిస్మము పొందినవారు ఐదుగురు. వారు డెన్మార్కువారి ఇండ్లలోని బానిసలు. ఒక పేద విధవరాలి పక్షమున మాటలాడినందుకు జీగెన్‌బాల్గును కోట అధికారి నాలుగు నెలలు చెరలో పెట్టెను. ఆయన అక్కడనే క్రొత్త నిబంధనను తమిళములో అచ్చు వేయించెను. 1718లో సిలువ ఆకారముగల ఆలయము కట్టించెను. మరుసటి ఏడు చనిపోయి అందులోనే సమాధి చేయబడెను. అదే సంవత్సరము వచ్చిన షుల్జు దొరగారు తరువాత చెన్నపట్టణములో బైబిలును మన తెలుగులోనికి తర్జుమా చేసిరి. అది అచ్చు కాలేదు.

ఆ సమాధి యొద్ద నిలిచి నేను దేవుని స్తుతించితిని. కాని అక్కడనే మరియొక మనుష్యుడు నాకు జ్ఞాపకము వచ్చెను. ఆయన పేరు రాజనాయకన్. సైనికుడుగా ఉండి ప్రభువును ఎరిగి, ఉపదేశియై, తంజావూరి సీమలో బహు ప్రయాసపడెను. 1733లో ఆ సంఘము మొదటిసారి మన దేశస్థునికి గురువుగా అభిషేకమిచ్చినప్పుడు ఆరోను అను యోగ్యుని ఏర్పరచుకొనెను. రాజనాయకనుకు మాత్రము ఆ అభిషేకము ఎన్నడును దొరకలేదు. ఏల? ఆయన పరయ కులమున పుట్టెను. ఆయన చేతి రొట్టెను తక్కిన కులములనుండి వచ్చిన విశ్వాసులు పుచ్చుకొనరేమోయని భయము. చూచితివా! బానిసలతో ఆరంభమైన సంఘములోనే, ఇటుక సున్నము లేకుండ ఇంకొక గోడ లేచెను.

ఆ మిషనరీలను నేను దూషింపను. దూషించు నోరు నాకు లేదు. నేను కాపరినైన క్రొత్తలో ఒక పల్లెలో రెండు పేటల విశ్వాసులకు ఒకటే గుడి యుండెను. ప్రభువు బల్ల యొద్దకు మొదటి పేటవారు ముందు, రెండవ పేటవారు చివర వచ్చుట అక్కడి ఆచారము. ఒక ఆదివారము రెండవ పేట ముసలి తండ్రి ఒకడు గుడి బయట నన్ను ఆపి, “అయ్యగారూ, గిన్నె మా దాకా వచ్చేసరికి అడుగంటిపోతుందండి” అనెను. “క్రమము కోసమే గదా, పెద్దాయనా” అంటిని. ఆయన మారు పలుకక వెళ్లిపోయెను. మరుసటి నెల బల్లకు రాలేదు. ఆయన బ్రదికియుండగా నేను ఆ క్రమమును మార్చలేదు.

తరంగంబాడి ద్వారము క్రింద నిలిచినప్పుడు నాకు ఒక సంగతి తెలియవచ్చెను. ఏ గోడయు తనంతట తాను నిలువదు. ద్వారము నిలిచినది ఎవరో ఒకరు దానికి సున్నము పూసి, పగుళ్లు పూడ్చుచు వచ్చినందుననే. ఎవరును చూడని గోడ అలల పాలాయెను. మన మధ్యనున్న గోడలును అట్టివే. “తాతల నాటినుండి ఉన్నదే, మనమేమి చేయగలము?” అందుము. తాతలు కట్టిన మాట నిజమే. అయితే ఈ ఆదివారము దానికి సున్నము వేసినది ఎవరు? ఆ పల్లెలో తాపీ పట్టినది నేనే. క్రీస్తు తన శరీరమందు పడగొట్టిన దానిని ఆయన సేవకుడనై నేను మరల కట్టితిని.

గోడ లేక ఇల్లు నిలుచునా అని నీవు అడుగవచ్చును. దొంగను ఆపు గోడ ఉండవలసినదే. సహోదరుని ఆపు గోడ ఏ ఇంటిని కాపాడును?

ప్రియ చదువరీ, వచ్చే ఆదివారము నీ గుడిలో చూడుము. చాప మీద ఎవరు ఎక్కడ కూర్చుందురు? బల్లకు చివర వచ్చువారెవరు? ఎవరి సమాధులు ఏ మూలనున్నవి? గోడను ఒక్కనాడే కూల్చు బలము నీకు లేకపోవచ్చును. దానికి సున్నము వేయుట మానుము. నీ చోటు విడిచి, చివర కూర్చున్న వాని ప్రక్కను కూర్చుండుము. గిన్నెను వానికి ముందు వెళ్లనిమ్ము. తక్కిన పని ప్రభువు చేయును.

ప్రభువా, మా చేతిలోని తాపీని తీసివేయుము. ఆమేన్.