పాతబడని సంతోషాలు

మంచి ముహూర్తం వచ్చిందంటే హైదరాబాదు శివారున, సంగారెడ్డి జిల్లాలోని కిష్టారెడ్డిపేటలో ఏదో ఒక ఇంట గృహప్రవేశం ఉంటుంది. నిన్నమొన్నటి దాకా చేలు ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. ఒకవైపు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలు, ఇంకోవైపు ఔటర్ రింగ్ రోడ్డు. బ్యాంకు లోను తీసుకొని ఇల్లు కొనుక్కున్నవాళ్లు, ఆ ఇళ్లకు ఇటుక మోసినవాళ్లు, ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్లు అందరూ ఇక్కడే బతుకుతారు. సొంతింట్లో పాలు పొంగించిన రోజు సంబరం అంతా ఇంతా కాదు. ఏడాది తిరిగేసరికి ఆ సంబరంలో ఎక్కువ భాగం నెలనెలా గుర్తు పెట్టుకోవాల్సిన ఈఎంఐ తేదీగా మారిపోతుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు, మనిషి మనసు తీరే అంత. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని ఫిలిప్ బ్రిక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ప్రశ్నించి, 1978లో ఆ ఫలితాలు ప్రకటించింది. లాటరీ తగలని ఇరుగుపొరుగు వాళ్లకంటే వాళ్లు చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు. మరో సంగతి కూడా బయటపడింది. స్నేహితులతో కబుర్లు, పొద్దుటి టిఫిన్, పత్రిక చదువుకోవడం వంటి మామూలు పనుల్లో వాళ్లకు దొరికే ఆనందం మిగతావాళ్లకంటే తక్కువగా ఉంది. అధ్యయనం చిన్నదే అయినా అది లేవనెత్తిన ప్రశ్న పెద్దది. పెద్ద సంతోషం వచ్చి చిన్న సంతోషాల రుచి చెడగొడితే, అందులో లాభం ఎంత? ఏ సంతోషాలు తొందరగా పాతబడతాయి, ఏవి పాతబడకుండా నిలుస్తాయి?

చదువుకోవడం పాతబడదు. దానికి కారణం కష్టమైనదేమీ కాదు. నిన్న చదివిన పేజీ ఇవాళ ఉండదు. అదే కథను పదేళ్ల తర్వాత మళ్లీ తెరిస్తే, కథ మారకపోయినా చదివే మనిషి మారి ఉంటాడు.

ఈ సంతోషం తెలుగువాళ్లకు అయాచితంగా దొరకలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. తెలుగు పుస్తకం చేతికి రావడమే గొప్ప. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టించడాన్ని తన ముఖ్యమైన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. ఆ సంఘం కృషి పెరిగి పెద్దదై, 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభగా జరిగింది. ఆ సభ జరిగిన జోగిపేట నేటి సంగారెడ్డి జిల్లాలోనే ఉంది. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావలసిన కాలమది. అయినా ఆ మనుషులు పుస్తకం చదివే సుఖాన్ని తమవరకే ఉంచుకోలేదు, ఇంకొకరికి అందించాలని పట్టుబట్టారు. ఇవాళ ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి తనకు కావలసినది ఏరుకొనే కుర్రాడికి, ఆ పట్టుదలే ఏదో దారిన అందింది.

ఇక దారిలో తినే తిండి. పటాన్‌చెరు మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నంలో ముగుస్తుంది. వానాకాలంలో జహీరాబాద్ వైపు బయల్దేరితే, బొగ్గుల మీద కాల్చి ఉప్పు, కారం, నిమ్మచెక్క రుద్ది ఇచ్చే మక్క కంకులు. దసరా రోజులకు గంపల్లో సీతాఫలాలు. తూర్పు దిక్కున రహదారి కొస దాకా పోతే బందరు లడ్డు. శనగపిండి కలిపి, వేయించి తీసినదాన్ని రోట్లో వేసి దంచి, బెల్లం పాకం కలిపి చేసే ఆ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

రైల్లో విప్పిన పులిహోర పొట్లానికి ఇంట్లో తినే పులిహోరకు లేని రుచి ఎక్కడిది? నిల్వ ఉండే గుణం మాత్రం పదార్థాల్లోనే ఉంది. చింతపండు పులుపు, ఉప్పు, నూనె కలిసి అన్నాన్ని తొందరగా పాడవనివ్వవు. అందుకే తరతరాలుగా అది ప్రయాణాల తిండి అయింది. రుచి సంగతి వేరు. కొంత ఆకలిది, కొంత కిటికీది, చాలా వరకు పక్కన కూర్చున్నవాళ్లది. 2014లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరికి చాక్లెట్ ఇచ్చి తినమన్నారు. పక్క మనిషి కూడా అదే చాక్లెట్ తింటున్నప్పుడు, ఇద్దరి మధ్య మాట లేకపోయినా, దాని రుచి ఎక్కువగా నచ్చింది. బోగీలో ఎదుటి సీటు ముసలమ్మకు ఆకులో పెట్టి రెండు ముద్దలు ఇవ్వకుండా తినలేని తెలుగు ఇల్లాలికి ఈ ఫలితం కొత్తగా అనిపించదు.

దారి తిండి పాతబడకపోవడానికి ఇంకో కారణం కాలం. సీతాఫలం ఏడాది పొడుగునా దొరికితే దాని కోసం బండి ఆపేవాళ్లు తగ్గిపోతారు. కిష్టారెడ్డిపేట పక్కనే ఉన్న అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. చలికాలం వలస పక్షుల కోసం కెమెరాలు పట్టుకొని గట్టు మీద నిలబడేవాళ్ల ఆనందం కూడా ఇలాంటిదే. వచ్చి, ఉండి, వెళ్లిపోయే వాటి కోసం మనసు ఎదురుచూస్తుంది.

చదువులో ప్రతిసారీ కొత్తదనం ఉంటుంది. దారి తిండికి కాలం గడువు పెడుతుంది. మూడో సంతోషం ఈ రెంటికంటే వింతది. అందులో కొత్తదనమూ లేదు, గడువూ లేదు. రోజూ అదే పని. అయినా అది పాతబడదు. అదే ఇవ్వడం.

కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) జీవితం దీనికి నిలువెత్తు రుజువు. గోదావరి పాయలు దాటి అలసి వచ్చే బాటసారులకు వేళ చూడకుండా, కులం అడగకుండా వండి పెట్టింది ఆమె. ఒక పండగో, ఒక మొక్కుబడో కాదు, దశాబ్దాల పాటు సాగిన పని. అదే పొయ్యి, అదే అన్నం, అదే పప్పు. ఆమె పేరు ఈనాడు ఆ ఊరి దగ్గర వైనతేయ పాయ మీది అక్విడెక్టుకు ఉంది. అన్నేళ్లు విసుగు రాకుండా ఎలా పెట్టగలిగింది అన్న ప్రశ్నకు భక్తి ఒక జవాబు. ఇటీవలి పరిశోధన ఒకటి ఆ జవాబుకు తోడు నిలుస్తుంది.

ఎడ్ ఒబ్రయన్, సమంతా కసీరర్ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగం అది. విద్యార్థులకు వరుసగా ఐదు రోజులు, రోజుకు ఐదు డాలర్లు ఇచ్చారు. కొందరు ఆ డబ్బు తమ కోసం ఖర్చు పెట్టుకోవాలి, కొందరు ఇతరుల కోసం. ఐదు రోజులూ ఒకే వస్తువు మీద లేదా ఒకే మనిషికి, ఒకే చోట పెట్టాలన్నది షరతు. తమ కోసం ఖర్చు పెట్టుకున్నవాళ్ల సంతోషం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. ఇచ్చినవాళ్ల సంతోషం ఐదో రోజు కూడా దాదాపు మొదటి రోజంత ఉంది. తీసుకునేటప్పుడు మనసు లెక్కలు వేస్తుంది, నిన్నటితో పోల్చుకుంటుంది. ఇచ్చేటప్పుడు ఆ పోలిక తగ్గి, ప్రతిసారి ఇవ్వడమూ విడిగా నిలుస్తుందని వాళ్లు ఊహించారు. అంతకుముందు 2008లో ఎలిజబెత్ డన్ బృందం చేసిన ప్రయోగంలో తేలిన సంగతి కూడా తెలుసుకోదగ్గది. ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్లే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. పెట్టింది ఐదు డాలర్లా ఇరవయ్యా అన్నది తేడా చూపలేదు.

అందుకే ఎండాకాలం పటాన్‌చెరు రోడ్ల పక్కన వెలిసే చలివేంద్రాలను చిన్నచూపు చూడకూడదు. ఒక పందిరి, రెండు కుండలు, మూడు గ్లాసులు. 1985లో మొదలైన తిరుమల నిత్యాన్నదానం ఎంత పెద్దదైనా, విరాళం ఇచ్చినవాళ్లలో చాలామందికి ఆ మెతుకు ఎవరు తిన్నారో తెలియదు. కుండ దగ్గర అలా కాదు. ఎండన పడి వచ్చిన డెలివరీ కుర్రాడు గటగటా తాగి నిట్టూర్చడం నీళ్లు పోసిన మనిషి కంటికే కనబడుతుంది.

ఇష్టంతో ఇచ్చినదే సంతోషమా, పన్నుగా కట్టినదాంట్లో ఏమీ ఉండదా? 2007లో విలియం హార్బా, అతని సహచరులు మెదడు స్కానింగ్‌తో దీన్ని పరిశీలించారు. ప్రయోగంలో పాల్గొన్నవాళ్ల డబ్బు ఒక ఆహార నిధికి తప్పనిసరిగా వెళ్లిపోయినప్పుడు కూడా వాళ్ల మెదడులో సుఖాన్ని సూచించే భాగాలు స్పందించాయి. తామే ఎంచుకొని ఇచ్చినప్పుడు ఆ స్పందన ఇంకా పెరిగింది. ఇది కిష్టారెడ్డిపేటలో ఇంటి పన్ను కట్టే ప్రతి మనిషికీ సంబంధించిన సంగతి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. ఐదు వేలు పన్ను కడితే నాలుగు వందలు పుస్తకాల కోసం ఇచ్చినట్టే. ఇచ్చామన్న సంగతే తెలియకపోవడంతో ఆ ఆనందం చాలామందికి దక్కడం లేదు, ఆ డబ్బు ఎక్కడికి పోతోందని అడిగేవాళ్లూ తక్కువే.

అడగాలి. ఎందుకంటే చిన్న సంతోషాలకు డబ్బు అంతగా అక్కరలేకపోయినా తీరిక, చోటు కావాలి. పన్నెండు గంటల షిఫ్టు చేసి, ఒక గదిలో ఆరుగురితో సర్దుకొనే ఒడిశా, బీహార్ కార్మికుడికీ, శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీకీ ఆ రెండూ లేవు. ఉన్నదాంతో తృప్తి పడమని వాళ్లకు చెప్పడం అన్యాయం. పని గంటలు, కూలి, తాగే నీళ్లు సరిగ్గా ఉండాలన్నది ముందు మాట. దానితోపాటు చేయగలిగినది కూడా ఉంది. ఈ కాలనీల నడుమ ఒక గది, ఫ్యాను, బల్లలు, తెలుగు, హిందీ, ఒడియా పత్రికలు, రెండో షిఫ్టు వదిలాక కూడా తెరిచి ఉండే తలుపు. అపార్ట్‌మెంట్ సంఘాలు పుస్తకాలు ఇవ్వగలవు, ఫ్యాక్టరీలు గది ఇవ్వగలవు, జిల్లా గ్రంథాలయ సంస్థ ఆ ఎనిమిది పైసల్లోంచి పత్రికల చందా కట్టగలదు. జోగిపేట సభకు వచ్చినవాళ్ల చేతిలో ఇంతకంటే చాలా తక్కువే ఉండింది.