పిల్లల చేతికి ఏ పనిముట్టు ఇద్దాం?



మీ సంఘంలో యౌవనస్థులకు వీడియో ఎడిటింగ్ నేర్పాలని నిర్ణయించారనుకోండి. జెర్సీ సిటీలో ఆదివారం ఆరాధన అయ్యాక, అదే అద్దె హాలులో కుర్చీలు సర్దుకొని గంటసేపు క్లాసు. ప్రసంగాలు, సాక్ష్యాలు, క్రిస్మస్ కార్యక్రమాలు ఆన్‌లైన్‌లో పెట్టే పరిచర్యకు చేతులు కావాలి. మొదటి కమిటీ మీటింగులోనే ప్రశ్న వస్తుంది: ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుదాం? కంప్యూటర్లు తెలిసినవాళ్లు తేల్చుకొనే చిన్న సంగతిలా కనిపిస్తుంది. కాని ఇందులో మన మనస్సాక్షి జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒకటి ఉంది.

ఒక సహోదరుడు అంటారు: "అడోబీ ప్రీమియర్ నేర్పండి. ఉద్యోగాల్లో అది అడుగుతారు." ఆ మాటలో న్యాయం ఉంది. ఇంత దూరం వలస వచ్చిన తల్లిదండ్రులకు పిల్లల జీవనోపాధి చిన్న విషయం కాదు. మరొకరు ఆపిల్ వారి ఫైనల్ కట్ అంటారు. అదీ మంచిదే.

అయితే ఆ క్లాసులో ఎవరు కూర్చుంటారో ఒక్కసారి చూడండి. ఒక అబ్బాయి దగ్గర నాన్న కొనిపెట్టిన మ్యాక్‌బుక్ ఉంది. పక్కనున్న అమ్మాయి దగ్గర స్కూలువాళ్లు ఇచ్చిన క్రోమ్‌బుక్. ఆ రెండు సాఫ్ట్‌వేర్లూ దానిలో నడవవు. వెనక వరుసలో ఎమ్మెస్ చదవడానికి వచ్చి, నలుగురితో గది పంచుకుంటూ, ప్రతి డాలరునూ రూపాయల్లో లెక్క వేసుకొనే తమ్ముడు. 2013లో అడోబీ నెలవారీ చందా పద్ధతికి మారింది. చందా ఆగితే పనిముట్టు కూడా ఆగిపోతుంది. ఫైనల్ కట్‌కు ఆపిల్ పరికరమే కావాలి. క్లాసులో నేర్చుకున్నది ఇంటికి వెళ్లి చేసుకోలేని తమ్ముడికి రెండు దారులే మిగులుతాయి: మానేయడం, లేదా క్రాక్ కాపీ.

క్రాక్ కాపీ అనే మాట మనకు కొత్త కాదు. "అందరూ వాడేదే, దేవుని పనికేగా" అని మనలో మనం సర్దిచెప్పుకున్నవాళ్లం కూడా ఉన్నాం. కాని మలాకీ మొదటి అధ్యాయం చదవండి. దోచుకొని తెచ్చిన దానిని బలిపీఠం దగ్గరకు తెస్తే నేను అంగీకరించాలా అని దేవుడు అడుగుతున్నాడు. అర్పణ దేవునికోసమే అయినా, అది ఎక్కడనుంచి వచ్చిందో ఆయన చూస్తాడు. ఇక్కడ తప్పు ఆ తమ్ముడిది మాత్రమే కాదు. అతడు కొనలేని పనిముట్టును నేర్పి, అది లేకుండా పని చేయలేని స్థితిలో నిలబెట్టిన మనది కూడా.

1 సమూయేలు 13లో మరో సంగతి ఉంది. ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరి లేడు. నాగటి కఱ్ఱు పదును పెట్టించుకోవాలన్నా రైతు ఫిలిష్తీయుల దగ్గరకు వెళ్లి రుసుము కట్టవలసి వచ్చింది. కంపెనీలను ఫిలిష్తీయులతో పోల్చడం నా ఉద్దేశం కాదు. పనివాడు తన జీతానికి పాత్రుడే. కాని మన పనికి పదును ఎప్పుడూ ఇతరుల చేతిలోనే ఉంటే ఏమవుతుందో గమనించండి. 2011లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ తెచ్చినప్పుడు, పాత ఫైనల్ కట్‌లో చేసిన ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. 2025 జనవరి 18 రాత్రి టిక్‌టాక్‌తో పాటు క్యాప్‌కట్ కూడా అమెరికాలో ఆగిపోయింది. తరవాత తిరిగి వచ్చిందనుకోండి. కాని ఆ యాప్ ఒక్కటే తెలిసిన పిల్లలు ఆ మధ్యలో చేతులు కట్టుకొని కూర్చోవలసిందే.

మరి ఏది నేర్పాలి? నాకు తోచింది ఇది: క్లాసులో అందరికన్నా తక్కువ ఉన్నవాడు, న్యాయంగా, తనదిగా ఉంచుకోగలిగినదానితో మొదలుపెట్టాలి. షాట్‌కట్, కేడెన్‌లైవ్ ఉచితం. వాటి కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంది. సాధారణ ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. గట్టి కంప్యూటర్ ఉన్నవారికి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది. సినిమావాళ్లు వాడేది కూడా రిజాల్వే. క్రోమ్‌బుక్ అమ్మాయికోసం, ఆఫీసుల్లో పక్కన పెట్టిన పాత ల్యాప్‌టాప్‌లు రెండు అడిగి తెచ్చి హాలులో ఉంచండి. ఏది ఎంచుకున్నా ముందు తెర మీద "క్రీస్తు" అని టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోతే పాటల సాహిత్యం వేయడానికి అది పనికిరాదు.

"ఉచితమైనది నేర్పితే మా పిల్లలు వెనకబడరా?" అని మీరు అడగవచ్చు. ఎక్కడ కత్తిరించాలి, మాట ఎప్పుడు మొదలవ్వాలి, శబ్దం ఎంత ఉండాలి అనేవి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకటే. ఒకదానిలో చేయి తిరిగినవాడు రెండోదానికి త్వరగానే అలవాటు పడతాడు. ఈ పనినే వృత్తిగా తీసుకొనే బిడ్డ ఉంటే, సంఘం తన నిధినుంచి ఒక చందా కట్టి ప్రీమియర్ నేర్పించవచ్చు. అది ఖర్చే, కాని నిజాయితీగల ఖర్చు. ఇంకొకటి కూడా నేర్పండి: ఒకరి సాక్ష్యాన్ని మూడు నిమిషాలకు కుదించేటప్పుడు, ఆయన చెప్పని అర్థం వచ్చేలా కత్తిరించకూడదని. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ ఎడిటింగ్ బల్ల దగ్గర కూడా వర్తిస్తుంది.

మన పక్క ఊరు న్యూవార్క్‌లో హానిబల్ గుడ్విన్ అనే ఎపిస్కోపల్ పాదిరిగారు ఉండేవారు. బైబిలు పాఠాలను బొమ్మలతో చెప్పడానికి పగలని, పారదర్శకమైన పదార్థం కావాలని వెదికి, 1887లో సెల్యులాయిడ్ ఫిల్ముకు పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టారు. అది 1898లో గాని రాలేదు. సినిమా పరిశ్రమ తరవాత దశాబ్దాలపాటు నడిచింది ఆ రకం ఫిల్ము మీదే. ఆయన మాత్రం పరిశ్రమ ఏమి అడుగుతుందని మొదలుపెట్టలేదు. తన ముందు కూర్చున్నవాళ్లకు ఏమి కావాలని మొదలుపెట్టారు.

గుడారపు పనికి బెసలేలును పిలిచినప్పుడు దేవుడు అతనికి చేతిపని నేర్పుతో పాటు ఇతరులకు నేర్పే మనస్సు కూడా ఇచ్చాడని నిర్గమకాండము 35 చెబుతోంది. వచ్చే కమిటీ మీటింగులో సాఫ్ట్‌వేర్ పేరు అడిగే ముందు, వెనక వరుసలో కూర్చొనే ఆ తమ్ముడి పేరు అడగండి. ప్రభువు మీ యౌవనస్థుల చేతిపనిని స్థిరపరచును గాక. ఆమేన్.