బూర ఎవరి కొరకు ఊదవలెను?



రాజు వచ్చుటకు ముందు బూరలు ఊదుట అనేక దేశములలో పూర్వాచారము. పాశ్చాత్య సంగీతములో ఈ కొద్దిపాటి బూరనాదమును ఫాన్‌ఫేర్ అందురు. 1607వ సంవత్సరమున మాంటెవెర్డీ రచించిన 'ఓర్ఫెయో' అను సంగీత నాటకమునకు ముందు ఇట్టి నాదము మూడుసార్లు మ్రోగును; పిమ్మట నాదమాగి కథ సాగును. బూర తన కొరకు మ్రోగదు. తన వెనుక వచ్చువాని కొరకు మ్రోగును.

అయితే క్రైస్తవులు బూర ఊదింపవచ్చునా? సంఖ్యాకాండము 10వ అధ్యాయములో రెండు వెండి బూరలు చేయింపుమని దేవుడే మోషేకు సెలవిచ్చెను. రెండును ఊదినప్పుడు సమాజమంతయు గుడారపు ద్వారమునొద్ద కూడవలెను. ఒకటి మాత్రమే ఊదినప్పుడు ప్రధానులు రావలెను. ఆర్భాటముగా ఊదినప్పుడు దండు ప్రయాణము కావలెను. మత్తయి 6వ అధ్యాయములోనైతే, ధర్మము చేయునప్పుడు ముందుగా బూర ఊదింపవద్దని ప్రభువు హెచ్చరించెను. ఒకచోట ఆజ్ఞ, మరియొకచోట నిషేధము. భేదమేమి? మొదటి బూర జనులను దేవుని సన్నిధికి పిలిచెను. రెండవది జనుల కన్నులను ఊదించినవాని వైపు త్రిప్పెను.

ఈ విషయమున మేమును తప్పిపోతిమి. ఒక సంవత్సరము మా సంఘ వార్షికోత్సవమునకు, మందిరమునకు గొప్ప కానుక ఇచ్చిన పెద్దమనిషిని మేళముతో ఎదుర్కొంటిమి. ఆ ఏర్పాటు మాదే. అదే వేళ ఒక వృద్ధురాలు, దినదినము పిడికెడు చొప్పున తీసి ఉంచిన బియ్యము మూట కట్టుకొని వచ్చి, ఆ గుంపులో త్రోవ దొరకక, మూటను గుమ్మమునొద్ద ఉంచి వెళ్లిపోయెను. మేళమాగిన పిమ్మట ఆ మూటను చూచి సిగ్గుపడితిమి. మేము మ్రోగించిన మేళము ఒకరిని లోపలికి తెచ్చి, మరియొకరిని వెలుపల నిలిపెను.

1942లో, యుద్ధకాలమున, అమెరికా సంగీతకారుడు ఆరన్ కోప్‌లండ్ ఒక ఫాన్‌ఫేర్ రచించి, రాజునకు గాని సేనానికి గాని కాక, సామాన్య మానవునికే దానిని అంకితము చేసెను. లోక సంగీతకారునికి తోచినది సంఘమునకు తోచకుండవచ్చునా?

మేళము మానుడని మేము చెప్పము. క్రిస్మస్‌కును ఈస్టరునకును అది ఆనందముగా మ్రోగనిండు. మ్రోగించుటకు ముందు మాత్రము, ఇది ఎవరిని పిలుచుచున్నది, ఎవరిని ప్రక్కకు నెట్టుచున్నది అని అడుగుకొందము. కడబూర మ్రోగునని 1 కొరింథీయులకు 15వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ దినమున ధనికునికొక బూర, బియ్యపు మూట తెచ్చిన తల్లికొక బూర ఉండవు. ఒకే నాదమునకు ఇద్దరును లేతురు.