రుజువు ఎవరి మెడకు?

పాలమూరులో ఒక విద్యార్థి నన్ను సూటిగానే అడిగాడు: "డోపింగులో దొరికిన ఆటగాళ్ల తరఫున వాదించే వకీలుకూ, దొంగసొమ్ము దాచేవాడికీ తేడా యేమిటి సార్?" అతని కోపం న్యాయమైనదే. ఏ మందూ తీసికొనకుండా పరుగెత్తి నాలుగో స్థానంలో ఆగిపోయిన పిల్ల కూడా ఏ కూలివాని బిడ్డో కావచ్చు. అయినా నేను అతనితో ఏకీభవించలేకపోయాను.

2004లో అమలులోకి వచ్చిన ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి ప్రకారం దేహంలో నిషిద్ధ పదార్థం కనిపిస్తే చాలు, తప్పు జరిగినట్లే. తెలిసి తీసికొన్నదా, తెలియకనా అన్నది శిక్ష దగ్గరనే లెక్కకు వస్తుంది. కండబలం పెంచే అనబాలిక్ జాతి పదార్థమైతే, కావాలని తీసికొనలేదని ఆటగాడే రుజువు చేయాలి. చేయలేకపోతే, 2015 నుంచి, నాలుగేళ్ల నిషేధం. పరుగుపందెగాడికి నాలుగేళ్లంటే దాదాపు బతుకంతా.

నీ దేహంలో ఏమున్నదో నీకే తెలియాలన్న మాట మన ప్రాంతంలో వింటే వింతగా వుంటుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు రాతిపొరల నుంచి నీటిలోకి దిగిన ఫ్లోరైడు తరాల తరబడి మనుషుల ఎముకలను వంచివేసింది. చేదతో నీళ్లు తోడుకొన్న మనిషికి దాని రంగు కనిపించలేదు, రుచి తెలియలేదు. పటికతో, సున్నంతో ఫ్లోరైడు తీసే విధానానికి 1970లలో నాగపూరు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'నల్లగొండ పద్ధతి'. పేరు దేశాలు తిరిగింది. నడుము వంగినవారు వూళ్లోనే వుండిపోయారు. తెలిసికొనే సాధనం ప్రయోగశాల చేతిలో వుండగా, నీవేమి తాగావో నీవే రుజువు చేసికొమ్మని వారిని ఎవరు అడగగలరు?

మన చట్టానికి ఈ సంగతి తెలియనిదికాదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసికొని వలసపోయిన పాలమూరు కూలీ చేతిలో ఖాతా పుస్తకం వుండదు. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం పదిహేనవ సెక్షను అందుకే తిరగేసి చెప్పింది: ఇది వెట్టి అప్పు అని కూలీ అంటే, కాదని నిరూపించవలసింది అప్పిచ్చినవాడే.

క్రీడల న్యాయంలోనూ ఒకసారి భారం ఇలాగే మళ్లింది. ఒడిశా చేనేత కుటుంబంలో పుట్టి, తరువాత హైదరాబాదులో శిక్షణ పొందిన ద్యుతీ చంద్‌ను, సహజంగా వున్న హార్మోను ఎక్కువన్న కారణంతో 2014లో పోటీలకు దూరం చేశారు. కెనడా వకీళ్లు ఫీజు తీసికొనకుండా వాదించారు. 2015 జులై 24న లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం, వివక్ష వున్నది కాబట్టి నియమం సమంజసమని అంతర్జాతీయ సమాఖ్యే నిరూపించాలన్నది. సమాఖ్య నిరూపించలేకపోయింది. నియమం ఆగిపోయింది.

అదే ద్యుతీకి 2023లో డోపింగు కేసులో నాలుగేళ్ల నిషేధం పడింది. నొప్పికి ఫిజియోథెరపిస్టు చెబితే వాడానన్న ఆమె మాట విచారణ మండలికి చాలలేదు. ఈ తీర్పు తప్పని నేను అనను. డాక్టరును అడగవలసింది. పైగా, ఆమె నోట్లో ఏమి వేసికొన్నదో ఆమెకు తెలిసినంత మరొకరికి తెలియదు. మర్రిగూడ మనిషికీ ఆమెకూ వున్న తేడా అది. రుజువు భారం మొత్తం సంస్థల మీదికి నెట్టితే ఒక్క మోసగాడూ దొరకడని కూడా నాకు తెలుసు.

కాని భారం మోయమన్నవారు మోసే సాధనాలు ఇవ్వాలి కదా! మందు సీసాను పరీక్ష చేయించాలి, నిపుణుని సాక్ష్యం తేవాలి, పేజీల కొద్దీ ఇంగ్లీషు నోటీసుకు గడువులోగా జవాబు రాయాలి. స్పాన్సరు వున్న ఆటగాడు యివన్నీ చేయిస్తాడు. పేదవాడు సంతకం పెట్టి ఇంటికి పోతాడు. వకీలు ఉండవలసింది ఈ చోట.

"నిజంగానే తప్పు చేసివుంటే?" అన్నాడు విద్యార్థి.

"అప్పుడూ వకీలు ఉండాలి."

అతడు ఒప్పుకోలేదు. కొంతసేపటికి, "కెనడా నుంచి అందరికీ రారు కదా సార్, ఫీజు ఎవరిస్తారు?" అన్నాడు. పరీక్షలు జరిపించే సంస్థలే యివ్వాలన్నాను. అవి యిస్తాయా అని నవ్వాడు.