రోడ్డు మీద ఐదవ ఆజ్ఞ



కొన్నేళ్ళ క్రిందట అడవి అంచున ఉన్న ఒక ఊరిలో ఇరవై రెండేళ్ళ యువకునికి భూస్థాపన ప్రార్థనలు జరిపించాను. రాత్రివేళ పాల్వంచ నుండి బైకు మీద వస్తూ, రోడ్డు మీద ఆపి ఉంచిన ట్రాక్టరు ట్రాలీని గుద్దుకున్నాడు. ఓదార్పుగా ఉంటుందనుకొని, "దేవుడు పిలుచుకున్నాడమ్మా" అని అతని తల్లితో అన్నాను. ఆమె తలెత్తి, "దేవుడే పిలిస్తే ఆ ట్రాలీకి వెనక లైటు ఎందుకు లేదు, ఫాదర్ గారూ?" అని అడిగింది. సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్న నాకు అప్పుడు జవాబు దొరకలేదు.

ఇలాంటి చావును మనం విధి అంటాం, తలరాత అంటాం, దేవుని చిత్తం అంటాం. సిలోయములో బురుజు కూలి పద్దెనిమిది మంది మరణించినప్పుడు, వారు ఇతరులకంటే పాపాత్ములు కారని యేసుప్రభువు స్పష్టంగా చెప్పారు (లూకా 13:4-5). ఆ వెంటనే హృదయపరివర్తన చెందవలసిందిగా బ్రతికి ఉన్నవారిని హెచ్చరించారు. కనుక పరీక్షించుకోవలసింది మనమే.

"నేను కావాలని చంపలేదు కదా!" అని డ్రైవరు అనవచ్చు. నిజమే. కాని తాగి నేరం చేసినవానికి రెట్టింపు శిక్ష విధించే పద్ధతిని అరిస్టాటిల్ ప్రస్తావించాడు. తాగకుండా ఉండటం అతని చేతిలోనే ఉన్నది కాబట్టి ఆ శిక్ష న్యాయమన్నాడు. తొలగించవలసిన అపాయాన్ని తొలగించనివాడు, దానివల్ల కలిగిన మరణానికి కొంతవరకు బాధ్యుడేనని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. తాగుడువల్లనో, వేగం మీది మోజుతోనో ఇతరుల ప్రాణాలను అపాయంలో పడవేయటం ఘోరమైన దోషమని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశము ఐదవ ఆజ్ఞను వివరిస్తూ చెబుతున్నది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. ప్రభుత్వ లెక్కల ప్రకారం ప్రతి పదిమందిలో ఏడుగురి మరణానికి అతివేగమే కారణం. హెల్మెట్ లేక పోయినవారు యాభై వేలమంది. ఇంత మందినీ తలరాత ఖాతాలో వేద్దామా?

మన దారులనే చూడండి. కొత్తగూడెం, మణుగూరుల బొగ్గు లారీలు, సారపాక కాగితం మిల్లుకు కర్ర లోడ్లు, గోదావరి ఇసుక లారీలు, భద్రాచలం యాత్రికుల బస్సులు, మిరపకోతల కాలంలో కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, అన్నిటికీ ఇవే రోడ్లు. వీటి మధ్యనే మనం వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి, చీకటి పడినా తీయకుండా ఇంటికి పోతాం. ఆ రాయి పెట్టిన చేయి ఎవరినీ చంపాలనుకోదు. కాని బైకు దానికే తగులుతుంది.

క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకుంటే పైనుండి పడినవాని రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుందని పవిత్ర గ్రంథం చెబుతున్నది (ద్వితీయో. 22:8). ట్రాలీ వెనక లైటు, తలమీద హెల్మెట్, మలుపులో తగ్గించిన వేగం, ఇవన్నీ మనం కట్టవలసిన పిట్టగోడలే.

నేనూ నిర్దోషిని కాను. ఒక ఆదివారం ఉపవిచారణలో పూజకు ఆలస్యమవుతున్నదని జీపును వేగంగా నడిపాను. ఒక ఊరి నడుమ మేకపిల్ల వెంట ఒక చిన్నారి రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చింది. వెంట్రుకవాసిలో తప్పింది. బలిపీఠం ముందు నిలబడినప్పుడు కూడా నా చేతుల వణుకు తగ్గలేదు. పూజ పది నిమిషాలు ఆలస్యమైతే విశ్వాసులు మన్నిస్తారు. ఆ బిడ్డ తల్లికి నేనేమని చెప్పి ఉండేవాణ్ణి? పాపసంకీర్తనములో కోపాన్ని, అబద్ధాన్ని చెప్పుకునే మనం వేగాన్ని ఏనాడైనా చెప్పుకున్నామా?

ఇంకొక మాట. యెరికో దారిలో గాయపడినవాణ్ణి చూసి తొలగిపోయిన మొదటివాడు యాజకుడే. పోలీసు కేసు భయంతో మనమూ అలాగే తొలగిపోతున్నాం. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణ మంచి సమరీయులకు రక్షణ కల్పించాయి. సదుద్దేశంతో సాయం చేసినవారిపై కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయరాదు. కాబట్టి ఆగండి, 108కి ఫోను చేయండి, అంబులెన్సు వచ్చేవరకు ప్రక్కనే ఉండండి.

ఆ తల్లి ఈనాడు మళ్ళీ అడిగితే ఇలా చెబుతాను: "అమ్మా, నీ బిడ్డను దేవుడు లాక్కోలేదు. మేమే లైటు పెట్టలేదు. నీ దుఃఖంలో దేవుడు నీ ప్రక్కనే ఉన్నాడు."

ఈ వారం మీ బండి లైట్లు ఒకసారి చూసుకోండి. రోడ్డుమీది రాళ్ళు తీసివేయండి. తాగిన కొడుకు చేతిలోనుండి తాళం తీసుకోండి. ఆ తరువాత ప్రయాణ క్షేమం కోసం ప్రార్థించండి.